టెక్సస్ స్కూళ్లలో ఏ మాట ఎవరిది? డిస్ట్రిక్ట్, రాష్ట్రం, ఫెడరల్ రూల్స్‌పై తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఆగస్టులోనూ అవే సందేహాలు. వాట్సాప్‌లో జవాబు రాసి నెల తిరగకముందే మళ్లీ అదే ప్రశ్న ఇంకొకరి నుంచి వస్తుంది. పది ప్రశ్నల్లో ఏడెనిమిది చివరికి ఒక్కచోటికే చేరతాయి: "కుదరదు అంటున్నారు, నిజంగా రూలుందా? వీళ్ల ఇష్టమా?" అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ఇవి టెక్సస్ పబ్లిక్ స్కూళ్ల గురించి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. నేను లాయర్ని కాను. పైగా ఇక్కడి శాసనసభ రెండేళ్లకోసారి కూర్చుని ఏదో ఒకటి మారుస్తుంది కాబట్టి, పెద్ద నిర్ణయం తీసుకునే ముందు తాజా రూలు ఒకసారి చూసుకోండి.

## ఇల్లు చూసుకునేటప్పుడు

ఐఎస్‌డీ అంటే మన ఊరి మునిసిపాలిటీ కిందే కదా?

కాదు. ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్‌కు మేయరుతోనూ సిటీ కౌన్సిల్‌తోనూ సంబంధం లేదు. సొంత బోర్డు, సొంత పన్ను, సొంత హద్దులు ఉంటాయి. ఫ్రిస్కో ఐఎస్‌డీ హద్దుల్లోకి ప్లేనో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్ నగరాల్లో కొంత భాగం వస్తుంది. ఫ్రిస్కో నగరంలోనే కొన్ని ఇళ్లు ప్రాస్పర్ ఐఎస్‌డీకో లూయిస్‌విల్ ఐఎస్‌డీకో చెందుతాయి. అడ్రసులో ఊరి పేరు చూసి ఇంటి కాగితాల మీద సంతకం పెట్టకండి. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఇంటి నంబరు కొట్టి చూడండి. స్కూలు జోన్లు మార్చే అధికారం పూర్తిగా బోర్డుదే. ఇల్లు కొన్న రెండేళ్లకు జోన్ మారితే రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో ఎవరికి మొరపెట్టుకున్నా లాభం ఉండదు.

డిస్ట్రిక్ట్, రాష్ట్రం, ఫెడరల్ ప్రభుత్వం: ఈ ముగ్గురిలో అసలు పెద్ద ఎవరు?

అమెరికా రాజ్యాంగంలో చదువు ప్రస్తావనే లేదు. పదో సవరణ ప్రకారం కేంద్రానికి అప్పగించని అధికారాలు రాష్ట్రాలకూ ప్రజలకూ చెందుతాయి కాబట్టి చదువు రాష్ట్రం పని అయింది. స్కూల్ డిస్ట్రిక్టులను సృష్టించింది రాష్ట్రమే, వాటి అధికారాలు పెంచేదీ తగ్గించేదీ రాష్ట్రమే. ఇండియాలో 1976 నుంచి విద్య ఉమ్మడి జాబితాలో ఉంది. ఆ లెక్కలో ఆలోచించి వాషింగ్టన్ చెబితే అందరూ వినాలి అనుకుంటాం. ఇక్కడ వాషింగ్టన్ స్కూళ్ల ఖర్చులో దాదాపు పదో వంతు ఇస్తుంది, ఆ డబ్బుకు షరతులు పెడుతుంది. దాంతోపాటు వివక్ష చూపకూడదన్న పౌరహక్కుల చట్టాలు అందరికీ వర్తిస్తాయి.

మోటుగా చెప్పాలంటే పిల్లల హక్కులు ఫెడరల్, ఏం నేర్పాలి, ఏ పరీక్ష పెట్టాలి అన్నది రాష్ట్రం, రోజూ బడి నడిపేది డిస్ట్రిక్ట్. ఎవరితో మాట్లాడాలో తెలుసుకోవడానికి ఈ మాత్రం చాలు.

"డిస్ట్రిక్ట్ ఆఫ్ ఇన్నోవేషన్" అని గొప్పగా రాసుకున్నారు. అదేమైనా అవార్డా?

అవార్డు కాదు, మినహాయింపు. 2015లో హౌస్ బిల్ 1842 అనే చట్టం వచ్చింది. రాష్ట్ర విద్యా చట్టంలో కొన్ని నిబంధనలు మాకొద్దు అని డిస్ట్రిక్ట్ ఒక ప్లాన్ రాసుకోవచ్చు. దానికి పబ్లిక్ హియరింగ్ జరగాలి, ప్లాన్ 30 రోజులు వెబ్‌సైట్‌లో ఉండాలి, బోర్డులో మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. గరిష్ఠంగా 5 ఏళ్లు, తర్వాత మళ్లీ పెట్టుకోవాలి. వెయ్యికి పైగా ఉన్న ఐఎస్‌డీల్లో ఇప్పుడు 900కు పైగా ఈ హోదా తీసుకున్నాయి. అందరికీ ఉన్నప్పుడు ఇందులో గొప్పేముందో నాకైతే తెలియదు.

ఎక్కువ మంది తీసుకునే మినహాయింపులు ఇవి. ఆగస్టు నాలుగో సోమవారం కంటే ముందు బడి తెరవకూడదన్న రూలు, 4వ తరగతి వరకు క్లాసుకు 22 మంది మించకూడదన్న రూలు, టీచరుకు రాష్ట్ర సర్టిఫికెట్ ఉండాలన్న రూలు. మొదటిది తల్లిదండ్రులకు పెద్దగా పట్టదు. మిగతా రెండూ పట్టించుకోవాల్సినవి. మీ డిస్ట్రిక్ట్ ప్లాన్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. చదివితే "స్థానిక అవసరాలకు తగినట్టు" అన్న మాట పేజీకోసారి కనిపిస్తుంది. దాన్ని దాటి ఏ సెక్షన్ నుంచి మినహాయింపు అడిగారో చూడండి, అసలు సంగతి అక్కడుంటుంది. సర్టిఫికెట్ లేని టీచర్లు బాగా పెరిగిపోవడంతో 2025లో శాసనసభే మళ్లీ పగ్గాలు బిగించింది. ముఖ్యమైన సబ్జెక్టుల్లో ఆ వెసులుబాటును దశలవారీగా తీసేస్తున్నారు.

ఈ ప్లానుతో తప్పించుకోలేనివి కూడా ఉన్నాయి. ఫెడరల్ చట్టం, రాష్ట్ర సిలబస్, రాష్ట్ర పరీక్షలు, రేటింగులు, గ్రాడ్యుయేషన్ నిబంధనలు వాటిలోవి.

ఇంత పన్ను కడుతున్నాం. అంతా మా స్కూళ్లకేనా?

అంతా కాదు. ప్రాపర్టీ ట్యాక్సులో స్కూలు భాగం రెండు ముక్కలుగా ఉంటుంది. జీతాలు, రోజువారీ ఖర్చులది ఒకటి, బిల్డింగులకు తెచ్చిన బాండ్ల అప్పుది ఒకటి. మొదటి దాంట్లో ఆస్తి విలువ ఎక్కువగా ఉన్న డిస్ట్రిక్టుల నుంచి రాష్ట్రం కొంత వెనక్కి తీసుకుంటుంది. 1993 నుంచి ఉన్న ఈ పద్ధతిని జనం "రాబిన్ హుడ్" అంటారు. బాండు భాగం జోలికి రాష్ట్రం రాదు. టీచర్ల జీతాలు పెంచడానికి డబ్బు లేదంటూనే కొత్త స్టేడియం ఎలా కడుతున్నారని అడుగుతుంటారు కదా, కారణం ఇదే. అవి రెండు వేరే ఖాతాలు, బాండు డబ్బు జీతాలకు వాడటానికి లేదు.

## చేర్పించేటప్పుడు

మేం హెచ్4 మీద ఉన్నాం. ఎక్స్‌టెన్షన్ పెండింగ్. వీసా కాగితాలు అడుగుతారా?

ఆ కారణంతో పిల్లల్ని కాదనడానికి లేదు. ఈ విషయం తేలింది టెక్సస్ కేసులోనే. సరైన కాగితాలు లేని పిల్లల చదువుకు డబ్బివ్వం అని 1975లో రాష్ట్రం చట్టం చేసింది, టైలర్ ఊరి డిస్ట్రిక్ట్ ఫీజు అడిగింది. 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ చట్టాన్ని కొట్టేసింది. మీరు చూపించాల్సింది డిస్ట్రిక్ట్‌లో నివాసం ఉన్నట్టు ఆధారం, పిల్లల వయసుకు ఆధారం, టీకాల రికార్డు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే స్కూలే ఒక నంబరు ఇస్తుంది.

మా బాబు సెప్టెంబర్ 3న పుట్టాడు. రెండు రోజుల కోసం ఏడాది ఆగాలా?

కిండర్‌గార్టెన్‌కు సెప్టెంబర్ 1 నాటికి 5 ఏళ్లు నిండాలన్నది రాష్ట్రం పెట్టిన గీత. ప్రిన్సిపాల్‌ను బతిమాలి ప్రయోజనం లేదు, ఆయన చేతిలో లేదు. తర్వాత కిండర్ నుంచి ఒకటో తరగతికి త్వరగా పంపే పద్ధతి మాత్రం ప్రతి డిస్ట్రిక్ట్‌కూ ఉండాలి. దాని వివరాలు డిస్ట్రిక్టే రాసుకుంటుంది.

ఇంట్లో తెలుగు అని రాస్తే ఈఎస్ఎల్‌లో (ఇంగ్లిష్ సరిగా రాని పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే ప్రోగ్రాం) వేసేస్తారట. "ఇంగ్లిష్" అని రాసేయమని అందరూ అంటున్నారు. రాయనా?

వద్దు. ఉన్నది ఉన్నట్టు రాయండి. ఈ ఒక్క విషయంలో మన కమ్యూనిటీలో తిరిగే సలహా తప్పు.

రిజిస్ట్రేషన్‌లో వచ్చే ఆ ఫారాన్ని హోమ్ లాంగ్వేజ్ సర్వే అంటారు. ఇంట్లో ఏ భాషలు వాడతారు, బిడ్డ ఇంట్లో ఏ భాషలు వాడుతుంది అని అడుగుతుంది. ఇంగ్లిష్ కాక వేరే భాష రాస్తే బిడ్డకు ఇంగ్లిష్ టెస్టు పెడతారు. రాసినంత మాత్రాన ఎవరినీ ఎక్కడా వేయరు. ఇంగ్లిష్ బాగా వచ్చిన పిల్ల ఆ టెస్టు పాసై మామూలుగా క్లాసుకు వెళ్లిపోతుంది. పాస్ కాకపోతే సాయం అవసరం ఉన్నట్టే కదా.

దీని వెనక ఫెడరల్ హక్కు ఉంది. 1974లో లావ్ వర్సెస్ నికొల్స్ కేసులో, భాష అర్థం కాని పిల్లల్ని ఊరికే క్లాసులో కూర్చోబెడితే సమాన అవకాశం ఇచ్చినట్టు కాదని సుప్రీంకోర్టు తేల్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలోని చైనా సంతతి పిల్లల కేసు అది. పిల్లల్ని ఎలా గుర్తించాలో టెక్సస్ రాష్ట్రం రూలు రాసింది. సాయం ఎవరితో, ఏ గంటలో చేయించాలన్నది డిస్ట్రిక్ట్ చూసుకుంటుంది.

మీకు ఆ ప్రోగ్రాం వద్దనిపిస్తే రాతపూర్వకంగా వద్దనే హక్కు ఉంది. అప్పుడు కూడా రికార్డులో గుర్తింపు అలాగే ఉంటుంది, ప్రమాణాలు అందుకునేదాకా ఏటా టెల్పాస్ అనే ఇంగ్లిష్ స్థాయి పరీక్ష రాయాల్సిందే. ఫారంలో పొరపాటు పడితే దిద్దుకోవచ్చు కానీ చేరిన రెండు వారాల్లోపు, అదీ టెస్టు పెట్టకముందే. తర్వాత ఆఫీసులో ఎంత అడిగినా మార్చరు.

మా దగ్గర తెలుగు పిల్లలు ఇంతమంది ఉన్నారు కదా, తెలుగు బైలింగ్వల్ క్లాసు పెట్టరా?

రూలు ప్రకారం అయితే పెట్టాలి. ఎలిమెంటరీలో ఒకే గ్రేడులో, డిస్ట్రిక్ట్ మొత్తం మీద, ఇంగ్లిష్ నేర్చుకునే స్థాయిలో ఉన్న ఒకే భాష పిల్లలు 20 మంది ఉంటే ఆ భాషలో బైలింగ్వల్ ప్రోగ్రాం ఇవ్వాలని టెక్సస్ చట్టం. లెక్కలోకి వచ్చేది ఇంగ్లిష్ ఇంకా పూర్తిగా రానివాళ్లుగా గుర్తించిన పిల్లలే, తెలుగు ఇళ్ల పిల్లలందరూ కాదు. అర్హత ఉన్న టీచర్లు దొరక్కపోతే డిస్ట్రిక్ట్ రాష్ట్రాన్ని మినహాయింపు అడిగి, దాని బదులు ఈఎస్ఎల్ నడపవచ్చు. స్పానిష్‌కు దొరికినట్టు తెలుగుకు టీచర్లు దొరకరు కాబట్టి ఆచరణలో జరిగేది అదే. ఫారంలో అందరం "ఇంగ్లిష్" అని రాస్తూ పోతే ఆ లెక్క 20కి చేరే ప్రసక్తే లేదు.

## బడి ఏడాది నడుస్తుండగా

అన్నయ్య పెళ్లి, ఆపైన సంక్రాంతి. ఆరు వారాలు ఇండియాలో ఉంటే ఏమవుతుంది?

ముందు డబ్బు సంగతి. టెక్సస్ స్కూళ్లకు నిధులిచ్చేది ఎంతమంది చేరారని కాదు, రోజూ సగటున ఎంతమంది హాజరయ్యారని. మీ పిల్లాడు రాని ప్రతి రోజూ డిస్ట్రిక్ట్‌కు నష్టమే. అందుకే అంత పట్టుగా ఉంటారు.

రాష్ట్ర రూలు ప్రకారం క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు ఉంటేనే ఫైనల్ గ్రేడ్ లేదా క్రెడిట్ ఇవ్వాలి. 75 నుంచి 90 మధ్య ఉంటే ప్రిన్సిపాల్ ఒప్పుకున్న ప్లాన్ ప్రకారం పూర్తి చేయొచ్చు, అంతకు తగ్గితే అటెండెన్స్ కమిటీ ముందుకు వెళ్లాలి. కొన్ని డిస్ట్రిక్టులు ఇన్నోవేషన్ ప్లాన్‌లో ఈ రూలును సడలించుకున్నాయి. ఇది కాక, ఆరు నెలల్లో 10 రోజులు అనుమతి లేని గైర్హాజరు ఉంటే ట్రూయెన్సీ, అంటే బడి ఎగ్గొట్టిన కేసు దాకా పోవచ్చు. కుటుంబ ప్రయాణాన్ని అనుమతి ఉన్న సెలవుగా లెక్కించాలా వద్దా అన్నది చాలావరకు డిస్ట్రిక్ట్ పాలసీ. ఎక్కువ చోట్ల లెక్కించరు.

ఎక్కువ కాలం వెళ్లేవాళ్లు పేరు తీయించుకుని, తిరిగొచ్చాక మళ్లీ చేర్పిస్తుంటారు. అది చేసే ముందు ఒక్క మాట అడగండి: తిరిగొచ్చేసరికి మీ జోన్ స్కూల్లో సీట్లు నిండిపోతే ఇంకో స్కూలుకు పంపుతారా? దానికి జవాబు ఈమెయిల్లో తీసుకోండి.

దీపావళికి సెలవివ్వలేదు. పిల్లల్ని ఇంట్లో ఉంచితే ఆబ్సెంట్ వేస్తారా?

మతపరమైన పండుగకు సెలవు మన్నించి తీరాలని టెక్సస్ చట్టం. డిస్ట్రిక్ట్ ఇష్టం కాదు. అవసరమైతే ప్రయాణానికి పోను ఒక రోజు, రాను ఒక రోజు కూడా కలుపుతారు. ముందుగా చీటీ పంపండి, మిగిలిపోయిన పని పూర్తి చేయించండి. బడి మొత్తానికీ సెలవివ్వాలా అన్నది మాత్రం బోర్డు క్యాలెండర్ నిర్ణయం. కాబట్టి ఆ డిమాండు బోర్డు దగ్గర పెట్టాలి, క్లాస్ టీచర్ దగ్గర కాదు.

స్టార్ (రాష్ట్రం పెట్టే వార్షిక పరీక్ష) అంటే పాపకు టెన్షన్. రాయించకపోతే?

టెక్సస్‌లో ఆ వెసులుబాటు లేదు. పరీక్ష తప్పించడానికి పిల్లల్ని క్లాసు నుంచి తీసుకెళ్లే హక్కు తల్లిదండ్రులకు లేదని చట్టంలోనే ఉంది. కాలిఫోర్నియాలో మీ కజిన్ ఒక లెటర్ రాసి మానిపించారంటే అదీ నిజమే, అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. పైన ఉన్న ఫెడరల్ చట్టం ఇద్దరికీ ఒకటే. 2015 నాటి ఈఎస్ఎస్ఏ ప్రకారం 3 నుంచి 8వ తరగతి వరకు ఏటా, హైస్కూల్లో ఒకసారి రీడింగ్, మ్యాథ్ పరీక్షలు పెట్టాలి, 95 శాతం పిల్లలు రాయాలి. పరీక్ష ఏదన్నది, తల్లిదండ్రులు వద్దనొచ్చా అన్నది ఆ చట్టం రాష్ట్రాలకు వదిలేసింది.

ఫెయిలైతే అదే క్లాసులో ఉంచేస్తారన్న భయం పాతది. 2021లో ఆ రూలు తీసేశారు, ఇప్పుడు అదనపు ట్యూటరింగ్ ఇస్తారు. స్టార్ కూడా పోతోంది. 2025లో చేసిన చట్టం ప్రకారం 2027-28 నుంచి దాని బదులు ఏడాదిలో మూడు చిన్న పరీక్షలు ఉంటాయి.

ఫోన్ అసలే తేవద్దంటున్నారు. పక్క డిస్ట్రిక్ట్‌లో బ్యాగులో పెట్టుకోనిస్తున్నారే?

బడి వేళల్లో వాడకూడదన్నది 2025 రాష్ట్ర చట్టం. ఎక్కడ పెట్టాలన్నది డిస్ట్రిక్ట్ ఇష్టం.

పాఠాల్లో బైబిల్ కథలున్నాయట. రాష్ట్రం చెప్పిందా?

మీరు వింటున్నది బ్లూబానెట్ పాఠాల గురించి. 2024 నవంబరులో స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ 8-7 ఓట్లతో ఆమోదించింది. ఎలిమెంటరీ రీడింగ్ పాఠాల్లో బైబిల్ ప్రస్తావనలు ఉండటం వల్లే అంత గొడవ. వాడటం తప్పనిసరి కాదు. కానీ ఆమోదించిన పాఠాలు వాడితే విద్యార్థికి 60 డాలర్ల దాకా అదనపు నిధులు వస్తాయి. డబ్బుకు ఇబ్బంది పడే డిస్ట్రిక్ట్ ఆ ఆశ చూపించాక వద్దనడం కష్టం. "ఐచ్ఛికం" అన్న మాటను ఇక్కడ అలాగే అర్థం చేసుకోవాలి. మీ డిస్ట్రిక్ట్ తీసుకుందో లేదో బోర్డు మీటింగు రికార్డుల్లో ఉంటుంది.

మ్యాథ్‌లో బాగా ముందున్నాడు. పై క్లాసుకు పంపరా?

ఇందులో తల్లిదండ్రులకు తెలియకుండా పోయే రాష్ట్ర రూల్స్ రెండున్నాయి. 5వ తరగతి మ్యాథ్ పరీక్షలో పై 40 శాతంలో వచ్చిన పిల్లల్ని 6లో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో డిస్ట్రిక్టే తనంతట తాను చేర్చాలి. 2023లో వచ్చిన చట్టం ఇది. టీచర్ సిఫారసు అక్కర్లేదు, వద్దంటే మీరే చెప్పాలి. రెండోది క్రెడిట్ బై ఎగ్జామ్: క్లాసులో చదవని సబ్జెక్టులో 80 మార్కులు తెచ్చుకుంటే ఆ కోర్సు క్రెడిట్ ఇవ్వాలి. ఎలిమెంటరీలో ఒక గ్రేడు దాటాలంటే ఇంగ్లిష్, మ్యాథ్, సైన్స్, సోషల్ నాలుగింట్లోనూ 80 రావాలి. గిఫ్టెడ్ ప్రోగ్రాం దీనికి పూర్తిగా వేరు. నడపాలని రాష్ట్రం అంటుంది, ఎవరిని తీసుకోవాలో డిస్ట్రిక్ట్ తేల్చుకుంటుంది. అందుకే ఒకచోట గిఫ్టెడ్ అయిన పాప ఇల్లు మారగానే కాకపోవచ్చు.

క్లాస్ ర్యాంక్ లెక్క ఎవరిది?

ర్యాంకు విలువ రాష్ట్రానిది, ర్యాంకు లెక్క డిస్ట్రిక్ట్‌ది. 1997 చట్టం ప్రకారం హైస్కూల్లో పై 10 శాతం పిల్లలకు రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా అడ్మిషన్. యూటీ ఆస్టిన్‌కు ప్రత్యేక మినహాయింపు ఉంది, 2026 అడ్మిషన్ల నుంచి అక్కడ పై 5 శాతమే. కానీ ఏపీ (కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సుకు ఎంత వెయిటేజీ, వేరే డిస్ట్రిక్ట్ నుంచి తెచ్చుకున్న మార్కులు ఎలా కలుపుతారు అన్నవి పూర్తిగా స్థానికం. పదో తరగతిలో ఇల్లు మారాలనుకునేవాళ్లు స్కూలు రేటింగుకన్నా ముందు ఆ పాలసీ చదవండి.

## సాయం కావలసినప్పుడు, గొడవ వచ్చినప్పుడు

బాబుకు మాటలు, చదువు ఆలస్యం. "ఇంకో ఏడాది చూద్దాం" అంటున్నారు. ఆగాలా?

ఆగక్కర్లేదు. వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ తగిన చదువు ఉచితంగా అందాలన్నది 1975 నుంచి ఉన్న ఫెడరల్ హక్కు, ఇప్పుడు దాని పేరు ఐడియా. "మా బాబుకు స్పెషల్ ఎడ్యుకేషన్ ఇవాల్యుయేషన్ కావాలి" అని తేదీ వేసి ఈమెయిల్ పంపండి. నోటితో అడిగితే గడువులు మొదలు కావు. టెక్సస్‌లో 15 స్కూలు రోజుల్లో జవాబివ్వాలి. మీరు సమ్మతి సంతకం పెట్టాక మామూలుగా 45 స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి. తర్వాత 30 రోజుల్లో ఏఆర్‌డీ మీటింగ్ పెట్టాలి. వేరే రాష్ట్రాల్లో ఐఈపీ (ఆ బిడ్డ కోసం విడిగా రాసే చదువు ప్లాన్) మీటింగ్ అనేదే ఇక్కడ ఏఆర్‌డీ. ఇంగ్లిష్‌లో ఇబ్బందైతే దుబాసీని ఉచితంగా అడగండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2004లో రాష్ట్ర విద్యాశాఖ అయిన టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ (టీఈఏ) ఒక కొలమానం పెట్టింది: స్పెషల్ ఎడ్యుకేషన్‌లో పిల్లలు 8.5 శాతం మించితే డిస్ట్రిక్ట్ మీద నిఘా. కాగితం మీద అది పరిమితి కాదు, ఆచరణలో పరిమితే అయింది. అంతకుముందు 12 శాతం దగ్గర ఉన్న సంఖ్య పదేళ్లలో 8.5కి దిగిపోయింది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక బయటపెట్టాకగానీ కదలిక రాలేదు. 2017లో శాసనసభ అలాంటి పరిమితులను నిషేధించింది, 2018 జనవరిలో టెక్సస్ ఫెడరల్ చట్టాన్ని ఉల్లంఘించిందని ఫెడరల్ విద్యాశాఖ తేల్చింది. ఈలోగా ఎంతమంది తల్లులకు "ఇంకో ఏడాది చూద్దాం" అని చెప్పి ఉంటారో! స్థానిక స్వేచ్ఛ మంచిదే అనేవాళ్లలో నేనూ ఒకణ్ని, ఈ హక్కు విషయంలో మాత్రం పైనుంచి ఒక కన్ను ఉండాల్సిందే.

ఫెడరల్ విద్యాశాఖను మూసేస్తున్నారట. ఐఈపీ పోతుందా?

పోదు. ఐఈపీ హక్కు కాంగ్రెస్ చేసిన చట్టంలో ఉంది. 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ విద్యాశాఖ మూసివేతకు ఆదేశం ఇచ్చారు, కానీ శాఖను పూర్తిగా రద్దు చేయడం కాంగ్రెస్ వల్లే అవుతుంది. తగ్గింది అమలు చేయించే బలం. ఉద్యోగుల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది, వివక్ష ఫిర్యాదులు చూసే డాలస్ పౌరహక్కుల ఆఫీసు మూతపడిన వాటిలో ఒకటి. ఇప్పుడు స్పెషల్ ఎడ్యుకేషన్ ఉల్లంఘన ఉంటే టీఈఏకు రాతపూర్వక ఫిర్యాదు పంపడమే దగ్గరి దారి. జరిగిన ఏడాదిలోపు పంపాలి, మామూలుగా 60 రోజుల్లో తేలుస్తారు.

ప్రతిదానికీ "స్టేట్ రూల్ అండీ" అంటున్నారు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

"ఏ సెక్షనో దయచేసి ఈమెయిల్ చేయండి" అనండి, మర్యాదగానే. చట్టమైతే టెక్సస్ ఎడ్యుకేషన్ కోడ్ నంబరు వస్తుంది. డిస్ట్రిక్ట్ పాలసీ అయితే కాగితం మీద "లోకల్" అని ఉంటుంది. ఒకే పాలసీకి రెండు పత్రాలుంటాయి: "లీగల్" అన్నది పైచట్టం సారాంశం, "లోకల్" అన్నది బోర్డు రాసుకున్నది. లోకల్ అయితే బోర్డు మార్చగలదు. నంబరూ రాక, పాలసీ పేరూ రాకపోతే అది ఆ స్కూలు అలవాటు మాత్రమే అయ్యుండొచ్చు. తేలకపోతే ఎఫ్ఎన్‌జీ లోకల్ అనే పాలసీ ప్రకారం ఫిర్యాదు పెట్టండి. అది ప్రిన్సిపాల్ దగ్గర మొదలై బోర్డు దాకా వెళ్తుంది. గడువులు అందులోనే ఉంటాయి, ఒక్క రోజు దాటినా కొట్టేస్తారు.

హ్యూస్టన్‌లో ఎన్నికైన బోర్డునే పక్కన పెట్టారు కదా. మాకూ జరగొచ్చా?

2023 జూన్‌లో రాష్ట్రం హ్యూస్టన్ ఐఎస్‌డీకి తన సూపరింటెండెంట్‌నూ బోర్డ్ ఆఫ్ మేనేజర్స్‌నూ నియమించింది. డిస్ట్రిక్ట్‌లో ఒక్క స్కూలు వరుసగా ఐదేళ్లు ఫెయిలైనా ఆ స్కూలు మూసేయాలి, లేదా బోర్డును మార్చాలి అన్న రూలు దాని వెనక ఉంది. ఆ రూలు వచ్చింది 2015 నాటి హౌస్ బిల్ 1842తోనే. ఇన్నోవేషన్ పేరిట డిస్ట్రిక్టులకు స్వేచ్ఛ ఇచ్చిన చట్టం అదే! 2025 అక్టోబరులో ఫోర్ట్‌వర్త్ ఐఎస్‌డీకి కూడా ఇదే ప్రకటించారు. అక్కడ కూడా ఒక స్కూలే కారణం. సబర్బన్ డిస్ట్రిక్టుల్లో మంచి రేటింగులున్నంతవరకు ఆ ప్రమాదం దూరమే, కానీ 50 స్కూళ్లలో ఒకటి వెనకబడినా మనకెందుకులే అనుకోవడానికి మాత్రం లేదు.

గ్రీన్‌కార్డు కూడా రాలేదు, ఓటు లేదు. బోర్డు మా మాట వింటుందా?

ఓటుకు పౌరసత్వం కావాలి, మైక్ ముందుకు రావడానికి అక్కర్లేదు. అజెండాలో ఉన్న అంశం మీద, బోర్డు దాన్ని చేపట్టేలోపు మాట్లాడే హక్కు 2019 నుంచి టెక్సస్ చట్టంలో ఉంది. మీటింగుకు ముందే అజెండా వెబ్‌సైట్‌లో పెడతారు, పేరు నమోదు చేసుకునే గడువు డిస్ట్రిక్ట్‌ను బట్టి మారుతుంది, కొన్నిచోట్ల అదే రోజు మధ్యాహ్నానికే ముగుస్తుంది. ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలే ఇస్తారు కాబట్టి చెప్పాల్సింది రాసుకుని వెళ్లండి. జోన్లు, క్యాలెండర్, ఇన్నోవేషన్ ప్లాన్ పునరుద్ధరణ లాంటి వాటికి ఓటింగ్ రోజున కాకుండా, దానికి ముందు జరిగే వర్క్‌షాప్ మీటింగుకే వెళ్లడం మేలు. ఓటింగ్ రోజుకల్లా సభ్యులు మనసులో ఒకటి అనుకుని వస్తారు. డిస్ట్రిక్ట్ సలహా కమిటీల్లోనూ తల్లిదండ్రులకు చోటుంటుంది, వాటికి దరఖాస్తులు చాలా చోట్ల వేసవిలోనే పిలుస్తారు.